పనే ఊపిరికి ఉరి.. పని చోటు ఆస్తమాను పసిగట్టేదెలా?
పొడులు, పొగలు, రసాయనాలతో శ్వాసనాళాలకు ముప్పు * సెలవు రోజున తగ్గే ఆయాసమే తొలి ఆనవాలు * ఆలస్యమైతే పని మానినా వదలని వ్యాధి

మైలవరం: పొద్దంతా మామిడి తోటలో మందు కొట్టి ఇంటికి చేరిన కూలీకి అర్ధరాత్రి దగ్గు తెర లేస్తుంది. తలుపులకు పాలిష్ వేసే వడ్రంగికి సాయంత్రమయ్యేసరికి గుండెల మీద బండ పెట్టినట్లుంటుంది. రైసుమిల్లులో బస్తాలు దులిపే మహిళకు ఊపిరి తీసినప్పుడల్లా పిల్లికూతలు వినిపిస్తాయి. వీరిలో చాలామంది దీనిని పడిశమనో, మంచు పడలేదనో, వయసు మీదపడిందనో సరిపెట్టుకుంటారు. మందుల దుకాణంలో నాలుగు మాత్రలు కొనుక్కుని మర్నాడు మళ్లీ అదే పనికి వెళతారు. ఆ పనే ఆయాసానికి మూలమన్న ఆలోచన రోగికి రాదు, చాలాసార్లు వైద్యం చేసేవారూ అడగరు.

పని ప్రదేశంలో పీల్చే పదార్థాల వల్ల వచ్చే ఉబ్బసాన్ని వృత్తిపరమైన ఆస్తమా అంటారు. పెద్దవారిలో కనిపించే ఆస్తమాలో సుమారు 16 శాతానికి పని ప్రదేశంలోని కారకాలే మూలమని అమెరికా, ఐరోపాలకు చెందిన శ్వాసకోశ వైద్యుల సంఘాలు 2019లో సంయుక్తంగా ప్రకటించాయి. అంటే ఉబ్బసంతో బాధపడే ప్రతి ఆరుగురు పెద్దల్లో దాదాపు ఒకరికి జబ్బు మూలం వారి జీవనోపాధిలోనే ఉందన్నమాట. ఇతర ఆస్తమాలకు లేని ఒక అవకాశం దీనికుంది. కారణాన్ని తొలినాళ్లలోనే కనిపెట్టి దూరంగా జరిగితే పూర్తిగా కోలుకునే వీలుంది. ఏళ్ల తరబడి నిర్లక్ష్యం చేస్తే ఆ అవకాశం చేజారుతుంది.

మూడు వందల ఏళ్ల క్రితమే..

ఇది కొత్త జబ్బేమీ కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ 1700 సంవత్సరంలో ప్రచురించిన వృత్తి వ్యాధుల గ్రంథంలో ధాన్యం జల్లించేవారి, పిండితో పనిచేసేవారి ఆయాసం గురించి వివరించారు. రోగిని చూడగానే అడగవలసిన ప్రశ్నల్లో ‘నీవు చేసే పని ఏమిటి?’ అన్న దానిని చేర్చాలని వైద్యులకు సూచించిందీ ఆయనే. ఆ తరువాతి కాలంలో ఆస్తమాకు దారితీసే పని ప్రదేశ పదార్థాలు నాలుగు వందలకు పైగా గుర్తించారు. వీటిలో ధాన్యపు ధూళి, గోధుమ పిండి, కొయ్య పొట్టు, పక్షుల ఈకలు, రొయ్యలు, పీతల నుంచి వెలువడే మాంసకృత్తులు, రంగుల్లో కలిపే రసాయనాలు, వెల్డింగ్ పొగ వంటివి ఉన్నాయి.

వచ్చే తీరు రెండు రకాలు

మొదటిది ఎలర్జీ ద్వారా వచ్చేది. ఒక పదార్థాన్ని నెలలు, ఏళ్లు పీల్చగా పీల్చగా శరీరం దానిని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. అప్పటి నుంచి ఆ పదార్థం అణుమాత్రం లోపలికి వెళ్లినా శ్వాసనాళాలు వాచి, బిగుసుకుపోయి, జిగట కఫంతో నిండుతాయి. అందుకే ‘పదేళ్లుగా ఇదే పని చేస్తున్నా, ఇన్నాళ్లూ రానిది ఇప్పుడెలా వస్తుంది?’ అనే వాదన చెల్లదు. ఇన్నాళ్లూ చేయడమే జబ్బుకు బాట వేసి ఉండవచ్చు.

రెండో రకం ఘాటైన వాయువు, పొగ ఒక్కసారిగా పెద్ద మోతాదులో పీల్చినప్పుడు వస్తుంది. శ్వాసనాళాల లోపొర కాలినట్లయి 24 గంటల్లోపే ఆయాసం మొదలవుతుంది. నెలల తరబడి వదలకపోవచ్చు. మూసిన గదిలో బ్లీచింగ్ పొడి, యాసిడ్ కలిపి మరుగుదొడ్లు కడిగేవారికి వెలువడే క్లోరిన్ వాయువుతో ఈ ప్రమాదం ఉంది. ఈ రెండింటినీ ఎప్పుడూ కలపకూడదు.

ఇవి గాక, చిన్ననాటి నుంచే ఆస్తమా ఉన్నవారికి పని ప్రదేశంలోని దుమ్ము, పొగ, ఘాటు వాసనలతో జబ్బు ముదరడం మరో కోణం. కొత్తగా వచ్చినా, పాతది ముదిరినా నివారణ మార్గాలు చాలావరకు ఒకటే.

మన చుట్టూ ఉన్న ముప్పు

మైలవరం, రెడ్డిగూడెం, జి.కొండూరు, ఇబ్రహీంపట్నం మండలాల్లో జనం చేసే పనులను వరుసగా చూస్తే ఊపిరితిత్తులకు పరీక్ష పెట్టేవి తక్కువేమీ కాదు.

మామిడి తోటలు: పూత దశలో తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు మందులు కొడతారు. ఎత్తయిన చెట్ల కోసం పైకి కొట్టిన మందు తుంపరలై కొట్టేవారి ముఖంపైనే పడుతుంది. బూడిద తెగులుకు వాడే గంధకం పొడి శ్వాసనాళాలను రేపుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ తరగతి పురుగుమందులు నేరుగా శ్వాసనాళాలను బిగించే గుణం కలవి. మందు కొట్టిన కొద్ది గంటల్లో ఆయాసంతోపాటు చెమటలు, నోట చొంగ, కళ్లు మసకబారడం, కంటిపాపలు చిన్నవి కావడం కనిపిస్తే అది విష ప్రభావం. ఆస్తమా అనుకుని ఇంట్లో కూర్చోకుండా తక్షణం ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు కోతకొచ్చాక ప్యాకింగ్ షెడ్లలో వరిగడ్డి దుమ్ము మరో సమస్య. తడిసి బూజుపట్టిన గడ్డిని దులిపితే బూజు బీజాలు గాలిలో లేస్తాయి. ఇవి ఆస్తమాతోపాటు, జ్వరం, ఒళ్లునొప్పులతో కూడిన మరో ఊపిరితిత్తుల వ్యాధికీ దారితీస్తాయి. కాయలు మాగబెట్టడానికి కార్బైడ్ వాడకం నిషిద్ధం. తినేవారి ఆరోగ్యం గురించి తరచూ మాట్లాడుకుంటాం గానీ, ఆ పొడిని చేత్తో పొట్లాలు కట్టి గంపల్లో పెట్టే కూలీ కళ్లు, గొంతు, ఊపిరితిత్తులే మొదట దెబ్బతింటాయి.

ఆముదపు చెక్కను సేంద్రియ ఎరువుగా పాదుల్లో వేసే రైతులు దాని పొడి విషయంలో జాగ్రత్త పడాలి. ఆముదపు గింజల ధూళి చాలా తీవ్రమైన ఎలర్జీ కారకం. అమెరికాలోని టొలెడో నగరంలో ఆముదపు నూనె మిల్లు ధూళి గాలికి కొట్టుకొచ్చి, మిల్లులో అడుగుపెట్టని ఇరుగుపొరుగువారికి సైతం ఆస్తమా తెప్పించిన ఉదంతాన్ని 1928లో వైద్యులు నమోదు చేశారు.

కొండపల్లి బొమ్మలు: తెల్ల పొణికి కొయ్యను చెక్కి, ఆకురాయితో నునుపు చేసేటప్పుడు సన్నని పొట్టు లేస్తుంది. చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపి చేసే ‘మక్కు’తో చేతులు, కాళ్లు, తలలు అతుకుతారు. ఆపైన సున్నపు పూత, రంగులు వేస్తారు. చింతగింజల పొడి చూడటానికి నిరపాయకరంగా కనిపించినా, దానికి ఓ చరిత్ర ఉంది. బ్రిటన్‌లో నూలుకు పెట్టే గంజిలో చింతగింజల పొడి వాడినప్పుడు నేత కార్మికులను దగ్గు, ఆయాసం పట్టుకున్న వైనాన్ని 1957లో అక్కడి పరిశోధకులు వైద్య పత్రికలో వెల్లడించారు. కెనడాలో ఎర్ర దేవదారు కలప మిల్లుల కార్మికుల్లో కొయ్య పొట్టు ఆస్తమాకు కారణమని దశాబ్దాల పరిశోధనలో తేలింది. ప్రతి కలపా ఒకేలా పనిచేయదు. పొణికి పొట్టు ఎర్ర దేవదారంత ప్రమాదకరమని చెప్పడానికి ఇది ఆధారం కాదు. అయితే ఇంటి వసారానే కార్ఖానా అయిన చోట చెక్కేవారితోపాటు పిల్లలు, వృద్ధులూ అదే గాలి పీలుస్తారన్నది మరువరాదు.

రంగులు, పాలిష్: ఈ ప్రాంతంలో తక్కువగా తెలిసినదీ, ఎక్కువగా భయపడవలసినదీ ఇదే. తలుపులకు, ఫర్నిచర్‌కు వేసే పీయూ పాలిష్, కార్లు, లారీలకు కొట్టే ఖరీదైన పెయింట్లు సాధారణంగా రెండు డబ్బాల్లో వస్తాయి. రెండో డబ్బాలోని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. పారిశ్రామిక దేశాల్లో వృత్తిపరమైన ఆస్తమాకు ప్రధాన కారకాల్లో ఇవి ఒకటి. 1984 డిసెంబరులో భోపాల్‌లో వేల ప్రాణాలు తీసిన మిథైల్ ఐసోసయనేట్ ఈ కుటుంబానికి చెందినదే. హార్డెనర్లలో వాడేవి అంతటి ప్రాణాంతకం కాకపోయినా, గన్నుతో కొట్టినప్పుడు తుంపరల రూపంలో లోపలికి చేరి ఎలర్జీని నాటుతాయి. విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసి వచ్చే మన ప్రాంత యువకులు, ఊళ్లలో తలుపులకు పాలిష్ వేసే వడ్రంగులు ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని ఈ పని చేయడం ప్రమాదకరం.

రైసుమిల్లులు, పిండిమరలు, కోళ్ల ఫారాలు: ధాన్యపు ధూళిలో ఊక మాత్రమే ఉండదు. పురుగుల అవశేషాలు, బూజు, కంటికి కనిపించని నల్లులూ ఉంటాయి. కోళ్ల ఫారాల్లో ఈకల పొడి, రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా కలుస్తాయి. మిర్చి ఘాటు ఎలర్జీ కలిగించదు గానీ, ఉన్న ఆస్తమాను రెచ్చగొడుతుంది. థర్మల్ కేంద్రం బూడిదతో ఇటుకలు చేసేవారికీ, బూడిద టిప్పర్లు నింపేవారికీ ఇదే వర్తిస్తుంది.

రాళ్ల క్వారీలు, క్రషర్ల దుమ్ముతో వచ్చే సిలికోసిస్ మాత్రం వేరు. అది ఊపిరితిత్తులను గట్టిపరిచే, వెనక్కి మళ్లని వ్యాధి. క్వారీలో పనిచేసే వ్యక్తికి ఆయాసం వస్తే ఎక్స్‌రే తప్పనిసరి.

గుర్తించేదెలా?

వృత్తిపరమైన ఆస్తమాకు ఖర్చులేని తొలి పరీక్ష ఇంట్లోనే ఉంది. మూడు ప్రశ్నలకు నిజాయతీగా జవాబు చెప్పుకొంటే చాలు. ఆదివారం, పండగ సెలవుల్లో, పొరుగూరు వెళ్లినప్పుడు దగ్గు, ఆయాసం తగ్గుతున్నాయా? పనిలోకి తిరిగి వెళ్లిన రోజున లేదా ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మొదలవుతున్నాయా? ఈ బాధ ప్రస్తుత పనిలో చేరిన తరువాతే లేదా కొత్త మందు, కొత్త రంగు, కొత్త యంత్రం వచ్చిన తరువాతే ఆరంభమైందా? వీటిలో ఒకదానికి ‘అవును’ అన్నా వైద్యుడిని కలవాలి.

చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పని చేస్తున్నంతసేపూ బాగానే ఉండి, నాలుగు నుంచి ఎనిమిది గంటల తరువాత, అంటే సాయంత్రమో అర్ధరాత్రో ఆయాసం రావచ్చు. దాంతో ఇంటి పరుపు, రాత్రి చలి, తిన్న తిండి నిందలు మోస్తాయి. పైగా జబ్బు ముదిరాక ఒక్క ఆదివారం సెలవు చాలదు. పది, పదిహేను రోజులు దూరంగా ఉంటేగానీ తేడా తెలియదు. కాబట్టి సెలవుకు తగ్గలేదన్న ఒక్క కారణంతో పనికి సంబంధం లేదని తేల్చకూడదు. తరచూ తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద పని చోట కనిపిస్తే అవి ఆస్తమాకు ముందస్తు హెచ్చరికలు కావచ్చు.

ఆసుపత్రిలో స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష చేస్తారు. గొట్టంలోకి బలంగా ఊదించి, మందు పీల్పించి మళ్లీ ఊదిస్తారు. మందు తరువాత గాలి వేగం తగినంత పెరిగితే ఆస్తమా అని అనుమానం బలపడుతుంది. ఆస్తమా రోగి ఛాతీ ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు’ అన్నంత మాత్రాన జబ్బు లేనట్లు కాదు. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష కూడా చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కఫం పరీక్ష ఉచితం.

పనికి, ఆయాసానికి లంకె తేల్చేది పీక్ ఫ్లో మీటరు. అరచేతిలో ఇమిడే ఈ చిన్న గొట్టంలోకి ఊదితే గాలి వేగం అంకెల్లో తెలుస్తుంది. రోజుకు కనీసం నాలుగుసార్లు, పనికెళ్లే రెండు వారాలు, వెళ్లని రెండు వారాలు ఊది అంకెలు కాగితంపై రాసుకోవాలి. పని రోజుల్లో అంకెలు పడిపోయి సెలవుల్లో పైకి లేస్తే వైద్యుడికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. మామిడి పనుల్లా కాలాన్ని బట్టి ఉండే పనులకు సీజనులో ఒకసారి, సీజను ముగిశాక మరోసారి ఇలా రాసుకోవచ్చు. అనుమానం ఉన్నంత మాత్రాన పరీక్షలకు ముందే పని మానేస్తే నిర్ధారణ కష్టమవుతుంది. ఆయాసం తీవ్రంగా లేనివారు మొదట వైద్యుడిని కలిసి, అంకెలు రాసుకుని, ఆ తరువాతే నిర్ణయం తీసుకోవడం మేలు. ఊపిరి పరీక్షలు, నిపుణుల సలహా కోసం విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో శ్వాసకోశ వైద్యులను సంప్రదించవచ్చు.

మందు ఒక్కటే చాలదు

చికిత్సలో రెండు భాగాలున్నాయి. మొదటిది మందు. ఆస్తమాకు పీల్చే మందులే ప్రధానం. ఆయాసాన్ని అప్పటికప్పుడు తగ్గించే సాల్బుటమాల్ ఒకటి, లోపలి వాపును తగ్గించే స్టిరాయిడ్ ఇన్‌హేలర్ మరొకటి. చాలామంది మొదటిది మాత్రమే వాడి ఉపశమనం పొందుతారు. వాపు అలాగే ఉండిపోతుంది. సాల్బుటమాల్ ఒక్కదానిమీదే ఆధారపడరాదని ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు 2019 నుంచి స్పష్టం చేస్తున్నాయి. ‘పంపు అలవాటైతే మానలేం’ అన్న భయం నిరాధారం. పీల్చే మందు మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. ఊళ్లలో తరచూ చేయించుకునే స్టిరాయిడ్ సూదిమందులు, మాత్రలే దీర్ఘకాలంలో మధుమేహం, ఎముకల బలహీనత వంటి కీడు తెస్తాయి. మృగశిర కార్తె రాగానే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో పంచే చేప ప్రసాదానికి ఇక్కడి నుంచీ వెళ్లేవారున్నారు. అది ఆస్తమాను నయం చేస్తుందనడానికి శాస్త్రీయ నిరూపణ లేదు. నమ్మకంతో వెళ్లేవారు సైతం ఇన్‌హేలర్ ఆపకూడదు.

రెండో భాగం కారణానికి దూరం కావడం. ఎలర్జీ రకంలో ఇదే అసలు చికిత్స. మందు వాడుతూ అదే పదార్థాన్ని పీల్చడమంటే ఒక చేత్తో నీళ్లు, మరో చేత్తో కిరసనాయిలు పోసినట్లే. పూర్తిగా దూరమైన వారిలో సుమారు మూడోవంతు మందికి లక్షణాలు పూర్తిగా పోతాయని పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. లక్షణాలు కనిపించిన తొలి నెలల్లోనే తప్పుకున్నవారికి ఈ అవకాశం ఎక్కువ.

అయితే ‘పని మానేయండి’ అని చెప్పినంత తేలిక కాదు మానడం. తండ్రి నుంచి కొడుక్కు వచ్చిన చేతిపనిని, సీజనులో మూడు నెలలు కష్టపడితే ఏడాది గడిచే కూలిని ఎవరూ ఒక్క మాటతో వదులుకోలేరు. ఈ భయంతోనే చాలామంది ఆయాసం సంగతి యజమానికి చెప్పరు, వైద్యుడి దగ్గరా దాస్తారు. పని మానడానికి ముందు పని తీరు మార్చుకునే దారులు వెతకాలి. గన్నుతో పాలిష్ కొట్టే బదులు ఐసోసయనేట్ లేని పాలిష్‌ను కుంచెతో వేయవచ్చు. చింతగింజలను పొడిగా దంచేకంటే నానబెట్టి తడిగా రుబ్బుకోవచ్చు. పొడి తప్పనిసరైతే నీటిలో మెల్లగా, ఆరుబయట, గాలి వాలున నిలబడకుండా కలపాలి. చీపురుతో ఊడ్చే ముందు నేలను తడపాలి. ఇంట్లో మరొకరు ఆ ఒక్క దశ చేసి, జబ్బు ఉన్నవారు రంగులద్దడం వంటి పనికి మారవచ్చు. తోటలో మందు కలపడం, కొట్టడం మాని కోత, గ్రేడింగ్ పనులు చూసుకోవచ్చు. ఒకసారి ఎలర్జీ స్థిరపడ్డాక మాత్రం కొద్దిపాటి మోతాదూ చేటే. ఇలా మార్చుకున్నా పీక్ ఫ్లో అంకెలు పడిపోతుంటే ఆ పని వదలక తప్పదు.

మాస్కు విషయంలోనూ అపోహలున్నాయి. తువ్వాలు, గుడ్డ మాస్కు సన్నని పొడిని ఆపలేవు. ముఖానికి బిగుతుగా అమరిన ఎన్-95 మాస్కు దుమ్మును ఆపుతుంది గానీ, వాయువులను, ఆవిరులను ఆపదు. పురుగుమందులకు, ద్రావకాలకు కార్బన్ గుళికలున్న మాస్కు కావాలి. ఐసోసయనేట్ పెయింటింగ్‌కు బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ముసుగే సరైన రక్షణ.

చట్టం ఏం చెబుతోంది?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ప్రభుత్వానికి విధిగా తెలియజేయాల్సిన వ్యాధుల జాబితా ఉండేది. అందులో సిలికోసిస్, పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్, ఐసోసయనేట్ల విష ప్రభావం ఉన్నాయి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. హాని లేని పని ప్రదేశం కల్పించడం, నిర్దేశించిన వయసు, తరగతుల కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్షలు చేయించడం యజమాని బాధ్యత. ఈఎస్ఐ కార్డున్న కార్మికులు విజయవాడ గుణదల ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లవచ్చు.

ఇంటి వసారాలో బొమ్మ చెక్కేవారికి, రోజుకో తోటలో మందు కొట్టే కూలీకి, సొంతంగా పాలిష్ పని చేసుకునే వడ్రంగికి ఈ రక్షణలు అందడం అరుదు. వీరికి మిగిలే ఆధారం కాగితమే. ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఓపీ చీటీపై చేసే పని, వాడే పదార్థం, ఎన్నేళ్లుగా చేస్తున్నదీ రాయమని వైద్యుడిని అడగాలి. వాడిన రంగు, మందు డబ్బా లేబుల్ దాచి చూపించాలి. ముందుముందు పరిహారానికో, పథకానికో అవసరమైతే ఈ చీటీలే పనికొస్తాయి.

ఇవి గుర్తుంచుకోండి

* మందు కొట్టేటప్పుడు గాలి వాలును చూసుకోవాలి. ఎదురుగాలిలో కొట్టకూడదు. పని కాగానే స్నానం చేసి, ఆ బట్టలు వేరుగా ఉతకాలి.

* పొడి, పొట్టు అంటిన బట్టలతో పిల్లలను ఎత్తుకోకూడదు.

* బీడీ, సిగరెట్టు మానాలి. పొగ తాగేవారిలో మందులు సరిగా పనిచేయవు.

* ఆయాసం లేని రోజుల్లోనూ వైద్యుడు చెప్పినంత కాలం స్టిరాయిడ్ ఇన్‌హేలర్ వాడాలి. పీల్చాక నోరు పుక్కిలించాలి.

* ఒకే చోట పనిచేసే ఇద్దరు, ముగ్గురికి ఒకే రకం దగ్గు ఉంటే కలిసి వైద్యుడి వద్దకు వెళ్లాలి. కారణం త్వరగా బయటపడుతుంది.

* ఒక పూర్తి వాక్యం పలకలేనంత ఆయాసం, పెదవులు నీలిరంగుకు మారడం, ఇన్‌హేలర్ పీల్చినా తగ్గకపోవడం ప్రాణాపాయ సూచనలు. ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి. వాహనం వచ్చేవరకు రోగిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, ఇన్‌హేలర్ ఇస్తూ ఉండాలి.